పక్కింటితో పేచీ: కెమెరా ఎటు తిప్పాలి?

గోడమీదపిల్లి:
విషయం ఇదీ. పక్కింటివాళ్లు రాత్రిళ్లు ప్రహరీ మీంచి చెత్త సంచులు ఇవతలికి విసురుతారు. అడిగితే "మేం కాదు" అంటారు. కెమెరాను వాళ్ల పెరటివైపు తిప్పడం సబబేనా, లేక మన హద్దు దాకా పడితే చాలా? అసలు కెమెరా పెడితే గొడవ సద్దుమణుగుతుందా, ముదురుతుందా?

తీగలపని:
వాళ్లవైపు తిప్పితేనే దొరుకుతారన్నది అపోహ. ఇంటి గోడకు బిగించి ఎదురుగా ప్రహరీకేసి పెడితే వాళ్ల పెరడంతా పడుతుంది, విసిరినవాడి మొహం మాత్రం తేలదు. లెక్క చూడండి. నాలుగు మెగాపిక్సెళ్ల కెమెరా బొమ్మ వెడల్పు 2560 పిక్సెళ్లు. మామూలుగా వచ్చే 2.8 ఎంఎం లెన్స్ దాదాపు 100 డిగ్రీలు చూస్తుంది. 6 మీటర్ల దూరానికి అది 14 మీటర్ల వెడల్పు, అంటే మీటరుకు 180 పిక్సెళ్లు. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి మీటరుకు 125, తెలియనివాడు ఫలానా అని తేల్చడానికి 250 ఉండాలని కెమెరాల ప్రమాణం. పగలైతే 180 సరిపోతుంది. రాత్రి ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే కెమెరా వేసే కంటికి కనపడని వెలుగులో, బొమ్మ మసకబారి, చెయ్యి ఊపేసరికి చెదిరి, "ఎవరో ఒకరు" అనేంతవరకే మిగులుతుంది.

దానికంటే కెమెరాను ప్రహరీకి ఒక చివర, మన జాగాలో, రెండున్నర మీటర్ల ఎత్తున పెట్టి గోడ వెంబడే చూపించండి. 6 ఎంఎం లెన్స్ వేస్తే చూపు 50 డిగ్రీలకు తగ్గుతుంది, 10 మీటర్ల అవతల కూడా మీటరుకు 270 దాకా వస్తాయి. బొమ్మలో గోడ మధ్యన కాదు, అంచున పడాలి. మిగతాదంతా మన నేలే. నాలుగు మీటర్ల ఎత్తుకు ఎక్కించకండి, నడినెత్తి తప్ప ఏమీ కనపడదు.

సులువుగా:
ఇంత హంగామా దేనికండీ? బ్యాటరీ కెమెరా తెచ్చి రెండు స్క్రూలతో బిగిస్తే పోలా?

తీగలపని:
ఈ పనికి అదే పనికిరాదు. బ్యాటరీ మిగలడానికి అది నిద్రపోతూ ఉంటుంది, ఒంటి వేడి కదిలితేనే లేస్తుంది. మనిషి గోడ చాటున ఉన్నాడు. గాల్లో వచ్చే సంచికి వేడి లేదు. ఒకవేళ లేచినా ఆ లేచే సెకను లోపే సంచి కింద పడిపోయి ఉంటుంది. మీకు దక్కేది కింద పడున్న సంచి బొమ్మ. దాన్ని కళ్లతోనే చూడొచ్చుగా!

ఆగకుండా రికార్డయ్యే తీగ కెమెరా కావాలి. సెకనుకు 4 మెగాబిట్ల (4 ఎంబీపీఎస్) వేగంతో రోజుకు 43 జీబీ అవుతుంది, ఒక టీబీ డిస్కులో 23 రోజులు నిలుస్తుంది. ఆ తర్వాత పాతది చెరిగి కొత్తది ఎక్కుతుంది. "పోయిన నెల విసిరారు" అని తీరిగ్గా వెతికితే ఏమీ ఉండదు.

నిదానం:
లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ అవతలివాడికి పిక్సెళ్లు కనపడవు, లెన్స్ కనపడుతుంది. మీరు ప్రైవసీ మాస్క్ వేసి వాళ్ల కిటికీని నల్లగా కప్పేసినా ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? ఇంట్లో ఆడవాళ్లు బట్టలారేసుకునే చోటికి కెమెరా పెట్టారని అదే పెద్ద తగవవుతుంది. చెత్త మాట పక్కకుపోయి, తప్పు మీదవుతుంది.

తీగలపని:
ఇది ఒప్పుకుంటాను. అందుకే గుండ్రటి డోమ్ వద్దంటాను, నల్లటి అద్దం వెనక అది ఎటు చూస్తోందో ఎవరికీ తెలియదు. గొట్టం లాంటి బుల్లెట్ కెమెరా అయితే మూతి ఎటుందో వీధిలోంచే తెలుస్తుంది. బిగించిన రోజే ఫోన్‌లో ఆ బొమ్మ వాళ్లకు చూపించండి.

నిదానం:
చూపిస్తే ఎక్కడ పడదో కూడా చెప్పినట్టే. రేపట్నుంచి సంచి ఆ మూల నుంచి వస్తుంది.

తీగలపని:
రానివ్వండి. ఆ మూలను ఇంకో కెమెరా చూసుకుంటుంది.

కోర్టుగుమ్మం:
ఇద్దరూ కెమెరాలో ఉండే మైకు సంగతి వదిలేశారు. ముందు దాన్ని సెట్టింగుల్లో ఆపేయండి. 2021లో ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ కోర్టు ఇలాంటి పక్కిళ్ల కేసులోనే దూరం నుంచి మాటలు పట్టే ఆడియో వీడియో కంటే ఎక్కువ చొరబాటు అని తేల్చి, కెమెరా పెట్టినవాళ్లనే తప్పుపట్టింది. మీ చోట చట్టం ఏదైనా, చెత్త విసిరినట్టు చూపడానికి వాళ్ల మాటలతో పనిలేదు. పక్కింటి పాటల హోరుకు రుజువుగా కూడా ఆ మైకు పనికిరాదు. చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని తగ్గించి అన్నీ ఒకే తీరున వినిపిస్తుంది.

ఇక రుజువు. గడియారం ఇంటర్నెట్ సమయంతో కలిసి ఉందో లేదో వారానికోసారి చూడండి. లోపలి బ్యాటరీ పాడైన రికార్డర్లు కరెంటు పోయి వస్తే ఏ 2000 సంవత్సరంలోకో పోతాయి. తేదీ తప్పయితే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే. ఫోన్‌తో టీవీ తెరను తీసిన వీడియో, వాట్సాప్‌లో పంపిన క్లిప్పు పనికిరావు. మామూలుగా వీడియోగా పంపితే వాట్సాప్ ఫైలును కుదించేస్తుంది. రికార్డర్ నుంచి అసలు ఫైలు దించండి, సంఘటనకు ముందూ వెనకా అయిదేసి నిమిషాలతో. దాని హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంకేతం, ఫైలు కాస్త మారినా ఇది మారిపోతుంది), తేదీ, గంట ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. కాలనీ గ్రూపులో మాత్రం పెట్టకండి, పరువు తీశారని ఎదురు ఫిర్యాదు వస్తుంది.

సులువుగా:
సరే, తీగదే పెడదాం. కానీ గోడ వెంబడి పెడితే రాత్రి బొమ్మంతా తెల్లగా వెలిగిపోతుంది, చివర చీకటి. ఇది ఎవరూ చెప్పలేదే?

తీగలపని:
మంచి పాయింటు. లెన్స్ పక్కనే సున్నం వేసిన గోడ ఉంటే ఇన్‌ఫ్రారెడ్ దానికి కొట్టి వెనక్కి వస్తుంది. కెమెరా ఆ వెలుగుకు తగ్గట్టు సర్దుకుని దూరం మనిషిని నల్లగా చూపిస్తుంది. బ్రాకెట్‌తో గోడకు కనీసం అడుగు ఎడంగా జరపండి. అప్పటికీ తగ్గకపోతే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ ఆపి, విడి దీపం ఒక మీటరు అవతల బిగించండి. దాంతో ఇంకో లాభం కూడా ఉంది: సాలెపురుగులు ఆ దీపం దగ్గర గూడు కడతాయి, లెన్స్ ముందు కాదు. లెన్స్ ముందు ఒక్క పోగు ఊగినా తెల్లారేసరికి వందల అలర్ట్‌లు.

గోడమీదపిల్లి:
మరి ఒకసారి బొమ్మ చూపించాక, పనిపడితే మాస్క్ తీసేయొచ్చా?

కోర్టుగుమ్మం:
మాస్క్ వేసిన చోటు అసలు రికార్డే కాదు, తర్వాత తీసినా పాతది తిరిగి రాదు. వాళ్లకు చెప్పకుండా మార్చారంటే మాత్రం మీరు చూపించిన బొమ్మకు విలువ పోయినట్టే. మార్చాల్సొస్తే కొత్త బొమ్మ మళ్లీ చూపించండి, తేదీ ఆ పుస్తకంలోనే రాయండి.