ఈత రాకుండా ట్రయథ్లాన్‌కి పేరిచ్చేశా, అవుద్దంటారా?

మా పెద్దమ్మ క్యాన్సర్‌తో పోయింది, అందుకే రీసెర్చ్‌కి డబ్బులు పోగేద్దామని స్ప్రింట్ ట్రయథ్లాన్‌కి పేరిచ్చేశా, 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. మిగతావి ఓకే గానీ పూల్‌లో 50 మీటర్లకే ఆయాసమొచ్చి గోడ పట్టుకుని వేలాడుతున్నా. నాలుగు నెలలే ఉంది.

గోదారోడు: అవుద్ది బ్రో. నీళ్లలో ఊపిరి బిగబడుతున్నట్టున్నావ్, మొహం లోపలుండగానే బుడగలు వదిలెయ్, పైకొచ్చాక పీల్చుకోవడమొకటే పని.

సైకిల్ పిచ్చోడు: హైదరాబాదేనా? పొద్దున్నే నానక్‌రామ్‌గూడ సోలార్ సైకిల్ ట్రాక్‌కి పో, సైకిల్ దిగగానే ఓ కిలోమీటర్ పరిగెత్తు. మొదట్లో కాళ్లు నీవి కానట్టే ఉంటాయ్.

మనవరాలు: డబ్బులు మీ అకౌంట్‌లో వేయించుకోకండి, నేరుగా సంస్థకే వెళ్లేలా చూడండి, ఇచ్చినోళ్లు పన్ను మినహాయింపు కోసం 80జీ రసీదు అడుగుతారు. నేను చేసినప్పుడు లైక్ కొట్టినోళ్లు యాభై మంది, ఇచ్చినోళ్లు ఆరుగురు 😄

అడిగినోడు: బుడగల ట్రిక్ పనిచేసింది అన్నా, ఇవాళ ఆగకుండా 100 కొట్టా!