నిజాయితీపరుడైన రావీ (ఉల్లేఖకుడు) చెప్పినా హదీసు జయీఫ్ (బలహీనం) ఎలా అవుతుంది?

కర్నూలు_పాఠకుడు:
అస్సలాము అలైకుమ్. మొన్న దర్స్‌లో మౌలానా ఒక హదీసు (ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖన) చదివి, "సనదులో (ఎవరి నుంచి ఎవరు విన్నారో చెప్పే పేర్ల వరుసలో) ఇబ్న్ లహీఆ ఉన్నారు, జాగ్రత్త" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే ఆయన ఈజిప్టులో ఖాజీగా చేసిన పెద్ద పండితుడు. అలాంటి మనిషి మాటను పక్కన పెట్టడం అన్యాయం కాదా? మనసుకు కష్టంగా ఉంది.

సలీం_టీచర్:
వ అలైకుమ్ అస్సలాం. నిజాయితీ ఒక్కటే సరిపోదు భాయ్. విన్నది విన్నట్టు చెప్పగలగాలి కూడా. ఆయన విషయంలో పేచీ అక్కడే.

మదర్సా_ముదర్రిస్:
ఈ పాఠం పిల్లలకు చెప్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఇబ్న్ లహీఆ హిజ్రీ 174లో చనిపోయారు. అంతకు కొన్నేళ్ల ముందు ఆయన పుస్తకాలు కాలిపోయాయి అంటారు (అన్నీ కాలలేదన్నవాళ్లూ ఉన్నారు). ఆ తర్వాత ఆయన చెప్పినవాటిలో తారుమారు ఎక్కువైంది. అందుకే మన పెద్దలు ఆయన పేరు దగ్గర ఆగిపోకుండా, ఆయన దగ్గర విన్నదెవరని అడిగారు. ఇబ్న్ ముబారక్, ఇబ్న్ వహబ్ విన్నవి మిగతావాళ్లు విన్నవాటికంటే మేలని హదీసు పండితుడు ఇబ్న్ హజర్, ఉల్లేఖకుల గురించి రాసిన తఖ్రీబ్ పుస్తకంలో తేల్చారు. ఉల్లేఖకులను పరిశీలించిన మరో పండితుడు యహ్యా ఇబ్న్ మయీన్ అయితే మొత్తానికే బలహీనుడన్నారు.

కూఫాకు చెందిన అతా ఇబ్న్ సాయిబ్‌దీ ఇదే కథ. ముసలితనంలో జ్ఞాపకం దెబ్బతింది. ముందే విన్న షూబా, సుఫ్యాన్ సౌరీల ఉల్లేఖనాలు తీసుకున్నారు, తర్వాత విన్న జరీర్‌వి తీసుకోలేదు. ఖాజీ అనో, వయసులో పెద్ద అనో మొహమాటపడలేదు. ప్రవక్త (స) పేరుమీద చెప్పే మాట కదా! నాకైతే ఇందులో అన్యాయం కనిపించదు. పైగా ఇలాంటి జయీఫ్ అంటే కల్పితమని కాదు, ఇంకో సనదు తోడైతే నిలబడొచ్చు.

మీ హదీసు ఆయన నుంచి విన్నదెవరు?

కర్నూలు_పాఠకుడు:
మౌలానాను అడిగాను. ఖుతైబా ఇబ్న్ సయీద్ అట.

మదర్సా_ముదర్రిస్:
అయితే తొందరపడి తీసెయ్యకండి. ఖుతైబా ముందు ఇబ్న్ వహబ్ పుస్తకంలోంచి రాసుకుని, తర్వాతే ఇబ్న్ లహీఆ నోట విన్నారు. ఆ సంగతి ఆయనే ఇమాం అహ్మద్‌కు చెప్పారు. ఉల్లేఖకుల గురించే ఇబ్న్ హజర్ రాసిన తహజీబ్‌ను మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురణ సంస్థ వాళ్లే 12 సంపుటాల్లో అచ్చువేశారు, మదర్సా లైబ్రరీలో ఉంటే తీసి చూడండి. సనదులో మిగతా పేర్లు కూడా ఇక్కడ పెట్టండి, ఒక్కొక్కరినీ చూద్దాం.