బోస్టన్ సభకు చలికాలపు నవల: విజయవాడ, గుంటూరు వాలంటీర్ల ఏర్పాట్లు

పఠన బాధ్యురాలు, విజయవాడ:

మిత్రులందరికీ నమస్కారం. బోస్టన్ పరిసరాల్లోని మన తెలుగు సంఘం ఈ చలికాలంలో ఒక నవలను అందరూ కలిసి చదివే సభ పెట్టుకుంది. సభ జరిగేది అక్కడే అయినా, పుస్తకం ఎంపిక, కొన్ని ఘట్టాల అనువాదం, చర్చ నడిపే బాధ్యత మాత్రం విజయవాడ, గుంటూరులలో ఉన్న మనకు అప్పగించారు. మనలో సగం మంది పిల్లల దగ్గర కొన్ని చలికాలాలు గడిపి వచ్చిన తల్లిదండ్రులం కాబట్టి రెండు వైపుల సంగతులూ తెలుస్తాయని వారి నమ్మకం కావచ్చు.

ముందుగా పుస్తకం సంగతి తేల్చుకుందాం. మొన్న గవర్నరుపేటలో కలిసినప్పుడు ఎక్కువమంది కవబాత యసునారి రాసిన జపాను నవల ‘యుకిగుని’ని అడిగారు. మంచు ప్రాంతపు నిశ్శబ్దాన్ని అంత బాగా పట్టుకున్న నవలలు అరుదు, నాకూ అది ఇష్టమే. అయితే కవబాత 1972లో మరణించారు. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళ వరకు హక్కులు ఉంటాయి కనుక, అనుమతి లేకుండా అందులో ఒక్క అధ్యాయాన్ని కూడా అనువదించి పంచడానికి 2032 సంవత్సరం ముగిసేదాకా వీలుపడదు. ఒకప్పుడు ఇలాంటి సభకే ఒక సమకాలీన నవలను జిరాక్సు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి నలభై మందికి పంచిపెట్టినప్పుడు, ఆ ప్రతిని చేత్తో పట్టుకుని వేదిక మీద సాహిత్య విలువల గురించి మాట్లాడింది నేనే. ఆ సిగ్గు మళ్ళీ నాకు వద్దు.

అందుకని ఈడిత్ వార్టన్ 1911లో ప్రచురించిన ‘ఈథన్ ఫ్రోమ్’ను ప్రతిపాదిస్తున్నాను. ఆమె 1937లో మరణించారు కనుక ఇక్కడా, 1911 నాటి పుస్తకం కనుక అమెరికాలోనూ హక్కుల చిక్కు లేదు. గుటెన్‌బర్గ్ ప్రాజెక్టులో పాఠం ఉచితంగా దొరుకుతుంది, కళ్ళు సహకరించనివారికి లిబ్రివాక్స్‌లో ఎవరో చదివి పెట్టిన శబ్దపుస్తకమూ ఉంది. సుమారు 35,000 మాటల చిన్న నవల. ముందొక ఉపోద్ఘాతం, మధ్యలో తొమ్మిది అధ్యాయాలు, చివర ఒక ముగింపు. ఎంత నిదానంగా చదివేవారైనా రెండు మూడు సాయంత్రాల్లో పూర్తి చేయవచ్చు. పైగా కథ జరిగేది మనవాళ్ళు ఉంటున్న మసాచుసెట్స్‌లోనే, ఆ రాష్ట్రపు పడమటి కొండల్లోని స్టార్క్‌ఫీల్డ్ అనే కల్పిత గ్రామంలో. వార్టన్ కొన్నేళ్ళు ఆ కొండల మధ్యనే, లెనాక్స్‌లో తాను కట్టించుకున్న ఇంట్లో ఉన్నారు.

కథ మొత్తం చెప్పను, ఎవరూ చెప్పవద్దని కూడా కోరుతున్నాను. ఈ నవల బలమంతా పాఠకుడు చివరి పుటల్లోకి ఏమీ తెలియకుండా అడుగుపెట్టడంలో ఉంది. చెప్పదగినది ఇంతే. ఇరవై ఎనిమిదేళ్ళ రైతు ఈథన్, అతనికంటే ఏడేళ్ళు పెద్దదై ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో మూలిగే భార్య జీనా, ఇంటిపనికి సాయంగా వచ్చిన ఆమె చుట్టాల పిల్ల మాటీ, ఈ ముగ్గురూ ఒకే కప్పు కింద ఒక చలికాలం గడుపుతారు.

ఇక్కడ మన సభ్యుల్లో కొందరికి ఒక సందేహం ఉంది. ఉదయం పూట 17, 18 డిగ్రీలకు దిగితేనే మంకీ క్యాపులు, మఫ్లర్లు బయటికి తీసే బెజవాడ వాళ్ళం, రెండడుగుల మంచు కింద అణిగిపోయిన ఊరిని ఎలా ఊహించుకోగలమని. నా ఉద్దేశంలో మంచును ఊహించుకోవలసిన అవసరమే లేదు. ఈ నవలలోని చలికాలం చూసి మురిసిపోయే దృశ్యం కాదు. తలుపులు మూసుకుని, ఉన్న నలుగురి ముఖాలే చూసుకుంటూ, బయట ప్రపంచం ఉందన్న సంగతి మరిచిపోయేంత కాలం గడపవలసి రావడం. దాన్ని మన ఊరివాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే రోజుల్లో ఉదయం పదింటికల్లా కిటికీలు బిగించి, వట్టివేళ్ళ తడికలు కట్టి, సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చున్న ఇళ్ళలో ఎన్ని పాత తగువులు పైకి తేలేవో గుర్తు తెచ్చుకోండి. ఆ వేసవిని తిరగేసి చూస్తే స్టార్క్‌ఫీల్డ్ చలికాలం కనిపిస్తుంది. మొదటి చర్చను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా ఆలోచన.

సమయం విషయంలో గత ఏడాది పొరపాటు నాదే. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారన్న సంగతి మరిచిపోయి, మిమ్మల్నందరినీ ఆరు గంటలకే లేపి, గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చోబెట్టాను. ఇప్పుడు తేడా పదిన్నర గంటలు. అక్కడ శనివారం రాత్రి ఎనిమిదిన్నర అయితే మనకు ఆదివారం ఉదయం ఏడు. మార్చి రెండో ఆదివారం అది మళ్ళీ మారుతుంది కనుక, ఫిబ్రవరి లోపలే మూడు సమావేశాలూ ముగించుకోవాలి. జనవరి మొదట్లో మనవాళ్ళలో చాలామంది పుస్తక మహోత్సవం పనుల్లో ఉంటారు, ఆ వెంటనే సంక్రాంతి. అందుచేత జనవరి నాలుగో శనివారం, ఫిబ్రవరి మొదటి, మూడో శనివారాలు అనుకుంటున్నాను. అభ్యంతరాలుంటే రాయండి.

వాలంటీరు, గుంటూరు:

అమ్మా, పుస్తకం ఎంపిక నాకు సమ్మతమే. సాహిత్యం మీకు తెలిసినంత నాకు తెలియదు గానీ, చలి గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పగలను. ముప్పై ఏళ్ళు మిర్చి కోల్డు స్టోరేజీల్లో లెక్కలు చూసినవాణ్ణి. బయట ఏప్రిల్ ఎండ నెత్తిన మండుతుంటే, లోపలికి అడుగుపెట్టగానే ఊపిరి పొగలా కనిపించేది. గోతాల వరుసల మధ్య పది నిమిషాలు నిలబడితే ముందు వేళ్ళు కాదు, మాట బిగుసుకుపోతుంది. హమాలీలు లోపల ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కారు, సైగలే. ఉపోద్ఘాతం మొన్న చదివాను. ఈథన్ బండి తోలుతూ పక్కన కూర్చున్న ఇంజనీరుతో ముక్తసరిగా బదులు చెప్పడం చూసి నాకు ఆ వరుసలే గుర్తుకొచ్చాయి. అతని మౌనానికి కారణం పొగరు అని మొదట్లో కొందరు అనుకోవచ్చు, అది చలి పని అని చర్చలో ఎవరైనా చెప్పాలి.

తేదీలు బాగున్నాయి. మా ఇంట్లో ఆదివారం ఉదయం ఏడింటికి టిఫిన్ల హడావుడి ఉంటుంది కాబట్టి, నేను మైకు ఆపి ఉంచినా అన్యథా భావించవద్దని మనవి.

వాలంటీరు, బోస్టన్:

మేడం గారికి నమస్కారం. గుంటూరులో మీ దగ్గర ఇంటరు చదివిన విద్యార్థిగా మీ మాట కాదనే ధైర్యం లేదు గానీ, ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. ఇక్కడివారికి మంచు అంటే కవిత్వం కాదు, చాకిరీ. తెల్లవారుజామున అయిదింటికి లేచి, పార పట్టుకుని కారు వెనక మంచంతా ఎత్తిపోసి, నడుము పట్టుకుని లోపలికి వచ్చేసరికి, మునిసిపాలిటీ బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా సరిగ్గా మన వాకిలి మొగలోకే నెట్టి వెళ్ళిపోతుంది. అది మెత్తగా ఉండదు, ఉప్పూ బురదా కలిసి రాయిలా ఉంటుంది. 2014–15 చలికాలంలో బోస్టన్‌లో 110 అంగుళాలకు పైగా మంచు పడింది. ఆ ఏడాది ఇక్కడ ఉన్నవారెవరినైనా ‘మంచు అందాలు’ అని అడిగితే బూట్ల మీద మిగిలిన తెల్లని ఉప్పు చారలు చూపిస్తారు. కాబట్టి ఆహ్వానపత్రంలో ‘మంచు సోయగాల నవల’ వంటి మాటలు వాడకపోతేనే మంచిది.

రెండో విషయం కాస్త సున్నితమైనది. ఉపోద్ఘాతంలో హార్మన్ గౌ అనే పెద్దాయన, తెలివైనవాళ్ళలో చాలామంది ఊరు వదిలి వెళ్ళిపోతారని, ఈథన్ మాత్రం స్టార్క్‌ఫీల్డ్‌లో మరీ ఎక్కువ చలికాలాలు ఉండిపోయాడని అంటాడు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, ఇంట్లోవాళ్ళను చూసుకోవడానికి ఒకరు ఉండాలి కదా, ముందు తండ్రి, తరువాత తల్లి, ఆ తరువాత భార్య అంటాడు. ఈథన్ వూస్టర్‌లో ఒక ఏడాది సాంకేతిక విద్య చదివి, తండ్రి పోవడంతో మానేసినవాడు. వూస్టర్ మాకు గంట ప్రయాణం. మా హాల్లో కూర్చునేవారంతా ఆ చదువు పూర్తి చేసి ఊరు దాటినవారే, తెర మీద మాత్రం తల్లిదండ్రులు ఉంటారు. ఆ భాగాన్ని బయటికి చదవడమా, దాటేయడమా అన్నది మీరే చెప్పాలి.

అనువాద బాధ్యులు, విజయవాడ:

అందరికీ నమస్కారం. మూడు ఘట్టాలు తెలుగు చేయడం మొదలుపెట్టగానే మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. తెలుగులో గడ్డి మీద తెల్లవారుజామున నిలిచేదీ మంచే, ధనుర్మాసంలో ప్రకాశం బ్యారేజీని కనిపించకుండా చేసేదీ మంచే, ఆకాశం నుంచి పడి రెండడుగులు పేరుకునేదీ మంచే. ‘రాత్రంతా మంచు కురిసింది’ అని మా అమ్మకు చదివి వినిపిస్తే, ‘అయితే పూలు బాగా తడిసి ఉంటాయి’ అంది. ‘హిమం’ అని రాస్తే స్టార్క్‌ఫీల్డ్ రైతు నోట ప్రబంధం పలికించినట్లు ఉంది. ‘స్నో’ అని తెలుగు లిపిలోనే ఉంచేద్దామని బోస్టన్ పిల్లలు సూచించారు, కానీ పుట పుటకూ ఆ మాట వస్తుంటే చెవికి గుచ్చుకుంటోంది. మీ సలహా కావాలి.

పఠన బాధ్యురాలు, విజయవాడ:

మిత్రులారా, తేదీల మీద ఎవరికీ అభ్యంతరం లేదు కనుక అవి ఖాయం. మొదటి సమావేశంలో ఉపోద్ఘాతం, మొదటి మూడు అధ్యాయాలు. రెండో దానిలో నాలుగు, అయిదు, ఆరు. మిగిలినదంతా మూడో దానిలో.

మాట విషయంలో నా తీర్పు ‘మంచు’కే. అయితే క్రియను మార్చండి. మంచు ‘కురిసింది’ అనకుండా ‘పడింది’, ‘పేరుకుంది’, ‘మోకాలిదాకా దిగబడింది’, ‘గోడకు ఒరిగి నిలిచింది’ అని రాస్తే, ఆ బరువు మాటలోకి దానంతట అదే వస్తుంది. పొగమంచును ఎక్కడికక్కడ పొగమంచు అనే రాయండి, గడ్డకట్టినదాన్ని మంచుగడ్డ అనండి. మీ అమ్మగారు ‘అమ్మో, అంతా!’ అన్న రోజున అనువాదం కుదిరిందని లెక్క. ఆమెకే మొదట వినిపిస్తూ ఉండండి.

గుంటూరు అన్నయ్య గారు చెప్పిన కోల్డు స్టోరేజీ సంగతితోనే మొదటి చర్చ ప్రారంభిద్దాం. నా రోహిణి కార్తె కంటే అది నవలకు దగ్గరగా ఉంది, నేను తరువాత మాట్లాడతాను. అన్నయ్య గారు ఆ పది నిమిషాలు మాత్రం మైకు తెరిచి ఉంచాలి, టిఫిన్ల చప్పుడు వినిపించినా ఫరవాలేదు. ఆహ్వానపత్రంలో ‘సోయగాలు’ ఉండవని బోస్టన్ వారికి హామీ ఇస్తున్నాను.

రెండో సమావేశానికి కొంచెం ఎక్కువ సమయం ఉంచండి, ఎందుకంటే నా దృష్టిలో నవలకు గుండెకాయ నాలుగో అధ్యాయమే. జీనా కొత్త డాక్టరుకు చూపించుకోవడానికి పక్క ఊరు వెళ్ళి ఒక రాత్రి అక్కడ ఉండిపోతుంది. ఈథన్, మాటీ ఇద్దరే రాత్రి భోజనానికి కూర్చుంటారు. బల్ల అందంగా కనిపించాలని మాటీ అలమర పై అరలోంచి ఎర్ర గాజు పచ్చళ్ళ గిన్నెను దించి పచ్చడి వడ్డిస్తుంది. అది జీనాకు ఫిలడెల్ఫియాలోని మేనత్త పెళ్ళికి పంపిన కానుక. పాదిరి గారు భోజనానికి వచ్చినా బయటికి తీయనిది. పిల్లి దాన్ని కింద పడేస్తుంది. ఈథన్ ఆ ముక్కలను, పగుళ్ళు కనబడకుండా అంచుకు అంచు చేర్చి, మళ్ళీ పై అరలో పెడతాడు, రేపు జిగురు తెచ్చి అతికిద్దామని. మంచంతా ఒక ఎత్తు, ఈ గిన్నె ఒక ఎత్తు. సారెలో వచ్చిన ఇత్తడి బిందెను, జర్మన్ సిల్వరు పళ్ళాన్ని నలభై ఏళ్ళు అటక మీద గుడ్డ చుట్టి దాచిన ఇళ్ళలో పుట్టినవాళ్ళం కదా, అది పగిలితే ఏమవుతుందో మనకు ఫుట్‌నోటు రాయనక్కరలేదు. ఆ ఘట్టాన్ని పూర్తిగా తెలుగులో చదవాలి, చదివాక వెంటనే ఎవరూ మాట్లాడకూడదు, ఒక నిమిషం ఆగాలి. ఆ రోజు బోస్టన్ హాల్లో భోజనాలు చర్చ ముగిశాకే పెట్టండి.

ఇక హార్మన్ గౌ మాటల గురించి. నాయనా, దాటవేయవద్దు. ఆ భాగం కోసమే నేను ఈ నవలను ఎంపిక చేశానని ఒప్పుకుంటున్నాను. అయితే దాన్ని హాల్లో ఉన్నవారెవరూ చదవవద్దు. అది ఊళ్ళో ఉండిపోయిన ఒక పెద్దవాడు, ఉండిపోయిన మరొకడి గురించి చెప్పిన మాట. కాబట్టి ఉండిపోయినవారి గొంతులోనే వినిపించాలి. ఆ పుట విజయవాడ నుంచి నేనే చదువుతాను. నేను ఆగిన తరువాత గుంటూరు అన్నయ్య గారు అందుకోవాలి.

అనువాద బాధ్యులు మొదటి ఘట్టాన్ని సంక్రాంతి ముందే నాకు పంపాలి. ఉపోద్ఘాతంలోని పుట అందరికంటే ముందు కావాలి, నేను కనీసం నాలుగైదు సార్లు బయటికి చదువుకుంటేనే గానీ గొంతు నిలవదు.