వాలంటీర్ ఫిరంగి, ఇంజనీర్ దళాల సామర్థ్యాన్ని ఎలా కొలవాలి?

క్యాంపుకాగితం:
పార్ట్‌టైం దళాల శిక్షణను మదింపు చేయడానికి కొత్త ఫారం తయారుచేస్తున్నాను. ఒక ఫిరంగి బ్యాటరీ (ఆరు ఫిరంగుల దళం), ఒక ఇంజనీర్ కంపెనీ. వారాంతాల్లో డ్రిల్లు, ఏడాదికోసారి రెండు వారాల క్యాంపు. పాత ఫారంలో హాజరు శాతం, కోర్సులు, క్యాంపు చివరి రోజు ఇన్‌స్పెక్షన్ మార్కులు తప్ప ఇంకేమీ లేవు. దాంతో అందరికీ ఇంచుమించు ఒకే మార్కులు పడుతున్నాయి. ఫైరింగ్ రేంజిలోకి దిగితే మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతోంది. ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి? స్టాప్‌వాచ్ ఒక్కటి సరిపోదా?

గురిరేఖ:
సరిపోదండి. టైం ఒక్కటే చూస్తే, తప్పుడు గురిని తొందరగా పెట్టేవాళ్లే ఫస్టొస్తారు. ఆర్డర్ అందినప్పటి నుంచి ‘రెడీ’ అనే దాకా టైం తీసుకోండి, ఆ వెంటనే ఫైర్ చెప్పకుండా ఆపేయండి. లేయర్‌ను (గురిపెట్టేవాణ్ణి) పక్కకు జరిపి డిఫ్లెక్షన్ (పక్క కోణం), ఎలివేషన్ (ఎత్తు కోణం) స్కేళ్లు, లెవెల్ చూపించే రెండు బబుల్స్ మీరే చదవండి. ప్రతి మిషన్‌లో (ఒక ఫైర్ ఆర్డర్‌పై చేసే పని) వద్దు, ఎప్పుడు ఆపుతారో వాళ్లకు తెలియకూడదు.

తప్పుల్ని కూడా ఒకే గాటన కట్టకండి. కోణాన్ని మిల్స్‌లో కొలుస్తారు, చుట్టు మొత్తం 6400 మిల్స్. ఒక మిల్ తేడా వస్తే 10 కిలోమీటర్ల దగ్గర షెల్ దాదాపు 10 మీటర్లు పక్కకు పోతుంది, అది నైపుణ్యం లోపం. స్కేలు మీద వందల అంకె తప్పు చదివితే అదే దూరంలో దాదాపు కిలోమీటరు పోతుంది. అది భద్రతా తప్పు, ఒక్కటి దొరికినా ఆ మిషన్‌కు సున్నా.

డ్రై డ్రిల్లులో (మందుగుండు లేని సాధనలో) బయటపడని జబ్బు ఒకటుంది. నిజంగా పేల్చినప్పుడు మొదటి కొన్ని రౌండ్లకు స్పేడ్లు (ఫిరంగి వెనక్కి జరగకుండా ఆపే పారలు) నేలలో దిగి ఫిరంగి కదులుతుంది, బబుల్స్ జరుగుతాయి. డ్రై డ్రిల్లులో ఏదీ కదలదు కాబట్టి లేయర్‌కు మళ్లీ చూసే అలవాటే పడదు. అందుకే రెండు మిషన్ల మధ్య హ్యాండ్‌వీల్‌ను మీరే కొంచెం తిప్పేసి వదిలేయండి. అతను పట్టుకున్నాడా? సరిదిద్దేటప్పుడు చివరి కదలిక ప్రతిసారీ ఒకే దిక్కు నుంచి వస్తోందా? రాకపోతే గేర్ల వదులు అంతా గురిలోకి చేరుతుంది.

గురికి ఆధారంగా నేలలో పాతే ఎయిమింగ్ పోస్టుల సంగతీ అంతే. దూరపు పోస్టు 100 మీటర్లలో, దగ్గరిది 50లో ఉందనుకోండి. ఫిరంగి పక్కకు జరిగి రెండు పోస్టులూ విడివిడిగా కనిపిస్తుంటే, దగ్గరి పోస్టుకూ సైట్ నిలువు గీతకూ సరిగ్గా మధ్యలో దూరపు పోస్టు ఉండేలా పట్టాలి. ఈ నియమాన్ని అందరూ అప్పజెబుతారు, చీకట్లో పోస్టు దీపాలతో చేసి చూపించేవాళ్లే తక్కువ. రాత్రి పరీక్ష తప్పక పెట్టండి.

చార్జ్ (షెల్‌ను తోసే మందు సంచులు) విషయంలో నోటిమాట నమ్మొద్దు. ఏడు సంచుల ఫుల్ చార్జ్‌లో నాలుగో నంబర్, అంటే నాలుగు సంచులు, పేల్చితే రౌండుకు మూడు సంచులు మిగలాలి. మిషన్ అయ్యాక వాటిని లెక్కపెట్టాకే పారేయనివ్వాలి.

బెయిలీపిన్ను:
ఇంజనీర్ కంపెనీ సంగతి నేను చెబుతాను. ఇక్కడ మోసం చేసేది సివిల్ నైపుణ్యం. బయట క్రేన్ నడిపేవాడో, స్ట్రక్చరల్ ఇంజనీరో ఇద్దరుంటే కంపెనీ మొత్తం బ్రహ్మాండంగా కనబడుతుంది. పని సగంలో ఉండగా ఆ ఇద్దరినీ ‘గాయపడ్డారు’ అని పక్కన కూర్చోబెట్టండి. తర్వాత వచ్చే టైమే కంపెనీ అసలు టైం.

ఉక్కు ప్యానెళ్లను పిన్నులతో కలిపి కట్టే బెయిలీ బ్రిడ్జి దీనికి మంచి పరీక్ష. ఒక ప్యానెల్ పొడవు 10 అడుగులు, బరువు సుమారు 570 పౌండ్లు, ఆరుగురు మోయాలి. మొత్తం టైం ఒక్కటే రాయకుండా రోలర్లు పెట్టడం, ఒక్కో బే (ఒక ప్యానెల్ పొడవు భాగం) కట్టడం, లాంచ్ చేయడం (రోలర్ల మీద అవతలి ఒడ్డుకు తోయడం) విడివిడిగా రాసుకోండి. శిక్షణ తక్కువైన దళాలు రోలర్ల దగ్గర తొందరపడతాయి. అవి లెవెల్‌లో లేకపోతే తోస్తున్నకొద్దీ బ్రిడ్జి పక్కకు పాకుతుంది. ఆ పది నిమిషాల తొందరకు తర్వాత జాకీలతో గంట కట్టాల్సి వస్తుంది.

ప్రతి బే రోలర్లు దాటకముందే ఆపి చూడండి: పిన్నులకు సేఫ్టీ క్లిప్పులు ఉన్నాయా, ట్రాన్సమ్ (అడ్డ దూలం) క్లాంపులు, స్వే బ్రేసులు (పక్కకు ఊగకుండా ఆపే కడ్డీలు) బిగించారా. నది మీదికి వెళ్లాక వెనక్కి లాగి బిగించడమంటే నరకం. ఇంకో ప్రశ్న కమాండర్‌ను కాదు, తోస్తున్న సెక్షన్ నాయకుణ్ణి అడగండి: ‘ఇప్పుడు బరువు కేంద్రం ఎక్కడుంది?’ బ్రిడ్జి ముందు కొన, అంటే ముక్కు, అవతలి ఒడ్డు రోలర్లను తాకేదాకా అది ఇవతలి రోలర్లకు వెనకే ఉండాలి. చూపించలేకపోతే వాళ్లు గుడ్డిగా తోస్తున్నట్టే.

రికానిసెన్స్ (ముందుగా వెళ్లి స్థలం చూసొచ్చిన) రిపోర్టును టేపుతో సరిచూడండి. గ్యాప్ వెడల్పు, రెండు ఒడ్ల ఎత్తుల తేడా చాలు. ఇక్కడ తప్పితే మిగతా పనంతా వృథా.

పాతదస్త్రం:
హాజరుతో కొలిచే జబ్బు చాలా పాతది. బ్రిటన్‌లో 1863 వాలంటీర్ చట్టం తర్వాత నిర్ణీత డ్రిల్లులకు వచ్చి ఇన్‌స్పెక్షన్ గట్టెక్కిన మనిషి ‘ఎఫిషియంట్’. తలకింత చొప్పున ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. డబ్బు తలలకు కట్టాక దళాలు తలల్నే లెక్కపెట్టుకున్నాయి, అందులో ఆశ్చర్యమేముంది? ఇంగ్లండ్‌లోని షూబరీనెస్‌లో వాలంటీర్ గన్నర్లకు పోటీలు జరిగేవి, అక్కడికొచ్చేది ఏరికోరిన జట్లే. 1908లో యుద్ధమంత్రి హాల్డేన్ టెరిటోరియల్ ఫోర్స్ అనే పార్ట్‌టైం సైన్యాన్ని పెట్టినప్పుడు ఎక్కువ రచ్చ జరిగింది ఫిరంగి దళం మీదే: ఏడాదికి ఎనిమిది నుంచి పదిహేను రోజుల క్యాంపుతో ఫీల్డ్ గన్నర్ తయారవుతాడా అని. యుద్ధం వస్తే ముందు ఆరు నెలలు శిక్షణ ఇచ్చుకోవచ్చన్నది హాల్డేన్ లెక్క.

మీ ఫారంలో నిజంగా మారాల్సింది పరీక్ష రోజు. చివరి రోజు తీసుకునే మార్కు రెండు వారాల క్యాంపును కొలుస్తుంది. దళం ఇంటి నుంచి ఏం గుర్తుపెట్టుకుని వచ్చిందో మొదటి రోజు, రిహార్సల్ లేకుండా పెట్టే పరీక్షలోనే తెలుస్తుంది.

క్యాంపుకాగితం:
మొదటి రోజు అంటే దళాలు ఒప్పుకోవేమో. పైగా మాకున్నది ఇద్దరే అసెసర్లు. ఆరు ఫిరంగులను ఎలా చూడాలి?

గురిరేఖ:
మొదటి రోజు డ్రై డ్రిల్లే పెట్టండి, మందుగుండు వద్దు. ఆ మార్కును బయటికి చెప్పొద్దు, అదే పరీక్ష చివరి రోజు మళ్లీ పెట్టి రెండూ పక్కపక్కన రాయండి. ఆరు ఫిరంగుల్లో రెండింటిని అక్కడికక్కడ చీటీ తీసి ఎంచుకోండి, ఫిరంగికి పది మిషన్లు. వాటిలో కనీసం మూడింటికి నంబర్ వన్‌ను (ఆ ఫిరంగి జట్టు నాయకుణ్ణి) తీసేసి కిందివాడితో నడిపించండి. టైములో బెస్టు రాయకండి, పదింటినీ వరుసలో పెట్టి మధ్యలోని రెండింటి సగటు రాయండి. రెండో అసెసర్‌ను ఫిరంగులకు ఆర్డర్లు పంపే ఫైర్ కంట్రోల్‌లో కూర్చోబెట్టాలి. ఫిరంగి దగ్గర దొరికిన తప్పు అక్కడే పుట్టిందా, ఆర్డరే తప్పుగా వచ్చిందా అన్నది ఆ రెండు కాగితాలూ పోల్చితేగానీ తేలదు.