ఐస్‌క్రీమ్ మీద పోయగానే చాక్లెట్ సాస్ బిగుసుకుపోతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

కొర్లగుంట అత్త (తిరుపతి):
వేసవి సెలవులకని చిత్తూరు నుంచి మా అన్నయ్య పిల్లలు వచ్చారు. సాయంత్రం ఐదైనా మేడ మీద కాలు పెట్టలేని ఎండలు. వెనీలా ఐస్‌క్రీమ్ తెప్పించి, చాక్లెట్ సాస్ మాత్రం నేనే చేస్తానని గొప్పలు పోయాను.

కప్పు పాలు, కప్పు చక్కెర, నాలుగు చెంచాల కోకో పొడి. గరిటెకు మందంగా పట్టేదాకా పావుగంట కాచాను. గిన్నెలో నల్లగా నిగనిగలాడుతూ ఎంత ముచ్చటగా ఉందో! ఐస్‌క్రీమ్ మీద పోశానో లేదో, పళ్లకు అతుక్కునేంత గట్టిపడింది. ఎనిమిదేళ్ల మేనల్లుడు చెంచాతో తట్టి చూసి, "అత్తా, ఇందులో వేరుసెనగ గింజలు వేయడం మరిచిపోయావా?" అన్నాడు.

పంతం పట్టి మర్నాడు చాక్లెట్ బిళ్ల కరిగించాను. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కలుపుతుంటే, చక్కగా కరిగినది ఉన్నట్టుండి తడిసిన మట్టిలా ముద్దకట్టింది. పారేయడానికి మనసొప్పక ఫ్రిజ్‌లో పెట్టాను. ఈ రెండింటికీ కారణం ఏమిటో తెలిసినవారు చెప్పండి.

అరిసెల పెద్దమ్మ (చిత్తూరు):
మీ మేనల్లుడు సరిగ్గానే పట్టుకున్నాడమ్మా. మీరు చేసింది సాస్ కాదు, పాకం. పావుగంట కాచితే నీరంతా ఇగిరిపోయి, చక్కెర ఉండపాకానికి వచ్చేస్తుంది. అరిసెలకు పాకం పట్టేటప్పుడు చుక్క నీళ్లలో వేసి చూస్తాం కదా, పొయ్యి మీద ఉన్నదాన్ని చూసి నమ్మము. దీనికీ అంతే. ఒక స్టీలు సాసరు ముందే ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మరుగుతున్న సాస్ చుక్క దాని మీద వేసి, ఇరవై లెక్కపెట్టి, సాసరు వంచండి. మెల్లగా పాకుతూ దిగాలి. కదలకపోతే ముదిరినట్టే, రెండు చెంచాల వేడినీళ్లు పోయండి. గిన్నెలో చూస్తే పలచగా ఉందే అనిపిస్తుంది. అనిపించనివ్వండి, దించేయండి.

మన బెల్లంతో చేద్దామని మాత్రం మరుగుతున్న పాలలో వేయకండి. నేను వేశాను. పాలు విరిగి, పాపం ఆ కోకో అంతా గేదె పాలైంది.

ఓవెన్ పక్క మనిషి (తిరుచానూరు రోడ్డు):
పెద్దమ్మ గారు మొదటిదాని సంగతి తేల్చేశారు కాబట్టి నేను రెండోదాని గురించి చెబుతాను. పదకొండేళ్లుగా కేకుల పనిలో ఉన్నాను. చాక్లెట్‌లో నీరు దాదాపు ఉండదు. కొవ్వులో కోకో, చక్కెర సన్నటి నలుసులుగా ఉంటాయి. కింది గిన్నె ఆవిరి నుంచి ఒక్క చుక్క పడినా చక్కెర తడిసి, నలుసులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. చిత్రమేమిటంటే, చుక్క నీరు పాడుచేసినదాన్ని నాలుగు చెంచాల నీరు బాగుచేస్తుంది. ఆ ముద్దను పారేయకండి. సన్న సెగ మీద పెట్టి, వేడిపాలు ఒక్కో చెంచా పోస్తూ కలపండి.

మా పద్ధతి ఇది: 200 మిల్లీలీటర్ల నీళ్లలో 150 గ్రాముల చక్కెర కరిగించండి. 50 గ్రాముల కోకో పొడిని జల్లించి, కొద్దిగా వేడినీళ్లతో ముందే ముద్దగా కలుపుకుని అందులో వేయండి. పొడిగా వేస్తే ఉండలు కడుతుంది. కలుపుతూ మూడు నాలుగు నిమిషాలు మరగనిచ్చి, పొయ్యి ఆర్పాక 100 గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు, 30 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు. ఉప్పు మానకండి, అది లేకపోతే తీపి తప్ప ఏమీ తెలియదు.

కొనేటప్పుడు చాక్లెట్ వెనక చదవండి. కోకో వెన్న అని ఉంటే మంచిది. అది మన ఒంటి వేడి కంటే కాస్త తక్కువకే, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నోట్లో వెన్నలా జారుతుంది. దానికి బదులు గట్టిపరచిన వంటనూనె వేసినవి అంగిలికి మైనంలా అంటుకుంటాయి. మా దగ్గర కేకుల పైపూతకు వాటినే వాడతాం, సాస్‌కు మాత్రం వద్దు.

కొర్లగుంట అత్త (తిరుపతి):
ముందు ఆ ముద్ద సంగతి చూశాను. మూడు చెంచాల పాలదాకా ఇంకా అధ్వాన్నంగా తయారైంది, ఈయన మాట నమ్మి పాలు కూడా దండగ చేస్తున్నాననుకున్నాను. ఐదో చెంచాకు ఒక్కసారిగా విడిపోయి, అద్దంలా మెరిసింది.

నిన్న కొలతల ప్రకారం కొత్తగా చేశాను. సాసరు మీద మొదటి చుక్క నీళ్లలా జారిపోయింది, ఇంకో నిమిషం కాచాక దారికొచ్చింది. ఐస్‌క్రీమ్ మీద పోస్తే అంచుల్లో కాస్త చిక్కబడిందే కానీ బిగుసుకోలేదు. మేనల్లుడు తిని ఊరుకున్నాడా? వంటింట్లోకి వెళ్లి వేయించిన వేరుసెనగ గింజలు పొట్టు ఊదుకుని తెచ్చి, తనే పైన చల్లుకున్నాడు. నాకూ ఒక చెంచా పెట్టాడు. బాగుందని ఒప్పుకోక తప్పలేదు.