బుడమేరు నివేదికలోని ఆంగ్ల పదాలు: అన్నిటికీ ‘విపత్తు’ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: సింగ్‌నగర్ అనువాదకురాలు

బుడమేరు వరదపై ఒక స్వచ్ఛంద బృందం ఆంగ్లంలో రాసిన నివేదికను తెలుగు చేసే పని నా మీద పడింది. చిత్తుప్రతి పూర్తయ్యాక తిరగేసి చూసుకుంటే, మూలంలో డిజాస్టర్, కెలామిటీ, కెటాస్ట్రఫీ, డెబాకల్, ఫియాస్కో అని రకరకాలుగా ఉన్నచోటల్లా నేను ‘విపత్తు’ అని రాసుకుంటూ పోయాను. మా వీధిలోకి 2024 సెప్టెంబరు 1న నీళ్లు వచ్చాయి. కింది వాటాలో రెండు పూతలు సున్నం వేసినా స్విచ్‌బోర్డు ఎత్తున బురద చార ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ వాటాలో ఉండే పిన్నిగారికి నాలుగు పేజీలు చదివి వినిపించాను. ఆమె సాంతం విని, “నీళ్లు రావడమూ విపత్తే, పాల ప్యాకెట్లు మొదటి సందులోనే అయిపోవడమూ విపత్తేనా అమ్మాయ్?” అని అడిగారు. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఈ మాటల మధ్య నిజంగా తేడా ఉందా, ఉంటే తెలుగులో దాన్ని ఎలా నిలబెట్టాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు: బ్రాడీపేట మాస్టారు

తేడా ఉందమ్మా, అది చిన్నదీ కాదు. ముందు చట్టం సంగతి చెప్పి పక్కన పెడతాను. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం డిజాస్టర్‌ను నిర్వచించేటప్పుడు కెటాస్ట్రఫీ, కెలామిటీ అనే మాటలను కూడా అందులోనే కలిపేసింది. ప్రకృతి వల్ల వచ్చినా, మనుషుల వల్ల వచ్చినా, కేవలం నిర్లక్ష్యం వల్ల వచ్చినా, ఆ ప్రాంతపు జనం తట్టుకోగలిగిన శక్తిని మించిపోతే అది డిజాస్టరే. కాబట్టి చట్టాన్ని ప్రస్తావించేచోట ‘విపత్తు’ను కదపకండి. కెలామిటీకి ‘ప్రకృతి వైపరీత్యం’ అని పత్రికలవారు ఏనాడో స్థిరపరిచారు, దానితోనూ పేచీ లేదు.

డిజాస్టర్ ఇటాలియన్ నుంచి వచ్చిన మాట. అందులో ఉన్నది నక్షత్రం. చుక్క ఎదురు తిరిగిందని అర్థం. అంటే మన ‘గ్రహపాటు’కు తోబుట్టువన్నమాట. అయినా మీ నివేదికలో గ్రహపాటు అని రాస్తే మీ పిన్నిగారు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కెటాస్ట్రఫీ గ్రీకు మాట. కిందికి తిరగబడటం దాని అసలు అర్థం, నాటకంలో కథ చివరి మలుపు తిరిగే ఘట్టానికి ఆ పేరు వాడేవారు. మనం ‘బతుకులు తలకిందులయ్యాయి’ అన్నప్పుడు సరిగ్గా ఆ బొమ్మనే గీస్తున్నాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఫియాస్కో. ఇటాలియన్‌లో దానికి సీసా అని అర్థం. రంగస్థలం మీద అభాసుపాలైన ప్రదర్శనను అక్కడివారు ‘సీసా చేశారు’ అనేవారు; సీసాకూ నాటకానికీ చుట్టరికం ఎలా కుదిరిందన్న దానిపై పండితులు ఈనాటికీ ఒక్క మాట మీద లేరు. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ‘రసాభాస’. అదీ అలంకారశాస్త్రంలో పుట్టి, కౌన్సిల్ సమావేశాల వార్తల్లో స్థిరపడిందే. ఒకసారి మా పక్క ఊరి తిరునాళ్లలో పద్యనాటకం ఆడుతుండగా, కృష్ణ పాత్రధారి పద్యం ఎత్తుకోగానే కరెంటు పోయింది. ఆయన చీకట్లోనే రాగం సాగదీశాడు. వెలుగు వచ్చేసరికి కిరీటం ఆయన తల మీద కాక హార్మోనియం మీద ఉంది. పరువు తప్ప ఎవరికీ ఏమీ పోలేదు. ఫియాస్కో అంటే అదీ. దానిలో నవ్వు ఉంటుంది, ఆ నవ్వు నిర్వాహకుల మీద. అందుచేత పంపిణీ ఏర్పాట్లను రసాభాస అనవచ్చు గానీ, ఇల్లు మునిగినవాడి కష్టానికి ఆ మాట అంటించకూడదు.

డెబాకల్ ఫ్రెంచివారిది: చలికి గడ్డకట్టిన నది ఒక్కసారిగా పగిలి, మంచుపలకలు విరుచుకుపడటం. కృష్ణ ఎన్నడూ గడ్డకట్టదు కనుక ఆ బొమ్మ మనకు లేదు. ఎన్నికల వార్తల్లో ‘ఘోర పరాజయం’ చాలు; పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ‘డిపాజిట్ గల్లంతు’ అనే మాట ఉండనే ఉంది.

జవాబు: మిర్చియార్డు గుమస్తా

మాస్టారు గారికి నమస్కారం. మీ నివేదికకు నేరుగా సంబంధించినది కాకపోయినా, వరదలో సరుకు తడిసిన దుకాణదారుల ప్రస్తావన వస్తే పనికివస్తుందని రాస్తున్నాను. బ్యాంక్‌రప్ట్ అనే మాట ‘విరిగిన బల్ల’ అనే అర్థంలో ఇటలీ వ్యాపారుల దగ్గర పుట్టిందంటారు. గుంటూరులో మాకు ఒక్క మాట చాలదు. వ్యాపారంలో నష్టం వచ్చి చేతులెత్తేసినవాడు దివాలా తీశాడు. అప్పులవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక కోర్టుకెక్కినవాడు ‘ఐపీ పెట్టాడు’. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అనే ఆంగ్ల మాటలోని రెండక్షరాలు మిగిలి తెలుగు క్రియగా మారిన సంగతి ఐపీ పెట్టినవారికే తెలియదు. జనం డబ్బు తీసుకుని రాత్రికి రాత్రి మాయమైన సంస్థ ‘బోర్డు తిప్పేసింది’. మొదటివాడి మీద జాలి, రెండోవాడి మీద అనుమానం, మూడోవాడి మీద కోపం. మీరు ముగ్గురినీ కలిపి ‘ఆర్థికంగా విఫలమయ్యారు’ అని రాస్తే మా యార్డులో ఎవరికీ ఏమీ అర్థం కాదు.

జవాబు: కాలువగట్టు

నేను కాలువల మీద పనిచేసి విరమించినవాడిని. నామవాచకాల వేట కొంత అనవసరమని నా అభిప్రాయం. ఆంగ్లం తప్పెవరిదన్నది తరచుగా నామవాచకంలో చెబుతుంది. మనం క్రియలో చెబుతాం. ‘గండి పడింది’ అంటే నీళ్ల పని. ‘గండి కొట్టారు’ అంటే మనుషుల పని. ‘కొంప మునిగింది’, ‘కొంప ముంచారు’ కూడా అంతే. అప్పుడు బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. మూల రచయిత ‘బ్రీచ్ జరిగింది’ అని తప్పించుకున్నాడో, ఎవరినైనా వేలెత్తి చూపుతున్నాడో ముందు తేల్చుకుని, ఆ తరువాత క్రియ ఎంచుకోండి. పడినదాన్ని కొట్టారని రాస్తే అది అభాండం, కొట్టినదాన్ని పడిందని రాస్తే అది వెనకేసుకు రావడం.

మరొక చిన్న మాట. నివేదిక పీఠికలో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ప్రస్తావన ఉంటే, దాన్ని వరద అనకండి. అది ఉప్పెన. కృష్ణ పైనుంచి వచ్చింది కాదు, సముద్రం లోపలికి వచ్చింది. ఆంగ్లంలో స్టార్మ్ సర్జ్ అని రెండు మాటలు పెట్టి చెప్పేదానికి మనకు ఒక్కటే ఉంది.

మళ్లీ: సింగ్‌నగర్ అనువాదకురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కాలువగట్టు గారు చెప్పినట్టు మూలాన్ని మళ్లీ చదివితే, గండ్ల గురించిన వాక్యాల్లో ఎక్కడా కర్త లేడు. అందుకని అక్కడ ‘పడ్డాయి’ అనే ఉంచాను. పంపిణీ అధ్యాయానికి శీర్షికగా ‘రసాభాస’ పెట్టి, పిన్నిగారికి మళ్లీ చదివాను. ఆమె తల అడ్డంగా ఊపి, నవ్వులాటగా ఉందన్నారు. మాస్టారు గారు నన్ను మన్నించాలి, ఆ శీర్షిక తీసేశాను. ఇప్పుడు అక్కడ ‘పాలు మొదటి సందు దాటలేదు’ అని ఉంది.