విప్పి పెట్టిన పాత ఇంజిన్ మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా?

ప్రశ్న:
మా మారుతి 800 ఇంజిన్ పూర్తిగా పాడైనందున, విజయవాడ ఆటోనగర్‌లోని ఒక పాత సామాన్ల దుకాణంలో, గేర్‌బాక్సుతో సహా బండి నుంచి దింపి ఉంచిన ఇంజిన్‌ను చూసి వచ్చాను. నడిపి చూసే వీలు లేనప్పుడు దాని స్థితిని ఎలా అంచనా వేయాలో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
క్రాంక్ పుల్లీ (ఇంజిన్ ప్రధాన ఇరుసు చివర ఉండే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే ఇక బేరమే వద్దు. ఆయిల్ మూత కింద, డిప్‌స్టిక్ మీద కూడా పాలమీగడ వంటి పూత ఉంటే ఆయిల్‌లో నీరు కలిసిందని అర్థం. తళతళలాడేలా కడిగి రంగు వేసిన ఇంజిన్‌ను నేనైతే నమ్మను, ఎందుకంటే లీకుల జాడలు దాచడానికి అంతకన్నా తేలిక మార్గం లేదు.

జవాబు 2:
గేర్‌బాక్సు, స్టార్టర్ అమర్చి ఉన్నాయి కనుక కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కొలవకుండా డబ్బు ఇవ్వకండి. మూడు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే దారిలోని మూత) పూర్తిగా తెరిచి, బ్యాటరీతో స్టార్టర్ తిప్పుతూ ఒక్కొక్క సిలిండర్‌నూ కొలిచినప్పుడు, అంకెల మధ్య తేడా సుమారు 10 శాతం లోపు ఉండాలి. ఒకదానిలో తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. ఒత్తిడి పెరిగితే లోపం పిస్టన్ రింగులదో బోరుదో (సిలిండర్ లోపలి గోడదో), పెరగకపోతే వాల్వులదో హెడ్ గ్యాస్కెట్‌దో (సిలిండర్ల పై మూత కింద ఉండే సీలుదో) అయి ఉంటుంది.

జవాబు 3:
ఇంజిన్ నంబరు చెరిపిన గుర్తులుంటే కొనవద్దు. ఆర్‌సీలో కొత్త నంబరు నమోదు చేయించవలసి ఉంటుంది కనుక రసీదు తప్పక తీసుకోండి. టైమింగ్ బెల్టును (వాల్వులను సరైన సమయానికి తెరిపించే బెల్టును) మాత్రం, ఎంత బాగా కనిపించినా, ఇంజిన్ బయట ఉండగానే మార్చండి.